బేకర్ కేసు: తల్లికి డిపోర్టేషన్ పడితే ఫైల్లో పిల్లలు ఎక్కడున్నారు?

కెనడాలో తల్లికో తండ్రికో దేశం నుంచి పంపించేసే ఆర్డర్ (డిపోర్టేషన్ ఆర్డర్) పడి, పిల్లల్ని చూసైనా ఉండనివ్వమని దరఖాస్తు పెట్టుకునేటప్పుడు వకీళ్లు తప్పకుండా చూపించే తీర్పు ఒకటుంది. అది 1999 జూలై 9న అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన బేకర్ తీర్పు. పిల్లల మేలు విషయంలో అధికారి మెలకువగా, స్పందించే మనసుతో, సున్నితంగా ఉండాలన్న వాక్యం కోసమే దాన్ని ఎక్కువగా ఎత్తి రాస్తారు. కానీ ఫైలు కట్టే మనిషికి అసలు పాఠం ఆ వాక్యంలో లేదు. కింది అధికారి రాసుకున్న నోట్సును సుప్రీంకోర్టు తీర్పులో పూర్తిగా అచ్చేసింది. ఒక తల్లి ఫైల్లో పిల్లలు ఎలా మాయమైపోతారో ఆ ఒక్క పేజీలో కనిపిస్తుంది.

ముందు కేసు. బేకర్ జమైకా పౌరురాలు. 1981 ఆగస్టులో విజిటర్‌గా కెనడా వచ్చింది. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఎప్పుడూ రాలేదు. ఇళ్లల్లో ఉండి పనిచేస్తూ 11 ఏళ్లు తన కాళ్ల మీద తాను బతికింది. అక్కడే నలుగురు పిల్లలు పుట్టారు, నలుగురూ కెనడా పౌరులు. అంతకుముందు జమైకాలో మరో నలుగురున్నారు. చివరి కాన్పు తర్వాత ఆమెకు మానసిక జబ్బు వచ్చింది. పని పోయి ప్రభుత్వ సాయం మీద బతకాల్సి వచ్చింది. జబ్బు బయటపడినప్పుడు ఇద్దరు పిల్లలు తండ్రి దగ్గరికి వెళ్లారు, ఇద్దరిని ఫోస్టర్ సంరక్షణలో, అంటే వేరే కుటుంబాల దగ్గర పెట్టారు. ఆమె కోలుకున్నాక ఫోస్టర్‌లో ఉన్న ఇద్దరూ తిరిగి ఆమె ఒడికి చేరారు.

1992 డిసెంబరులో డిపోర్టేషన్ ఆర్డర్ పడింది. 1993లో మానవతా కారణాల మీద దరఖాస్తు వేసింది. దీన్నే వాడుకలో హెచ్ అండ్ సి అంటారు. వకీలు లేఖ, పిల్లల సంరక్షణ సంస్థ ఉత్తరం, సైకియాట్రిస్టు ఉత్తరం అన్నీ జతచేశారు. 1994 ఏప్రిల్ 18న జవాబు వచ్చింది: తగినన్ని మానవతా కారణాలు లేవు. కారణం ఒక్క ముక్క కూడా రాయలేదు. జూన్ 17న టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్టుకు రమ్మని మే నెలాఖరులో కాగితం అందింది. వకీలు అడిగితే అప్పుడు నోట్సు బయటికొచ్చాయి.

ఆ నోట్సు ఇలా నడుస్తుంది. ఉద్యోగం లేదు, వెల్ఫేర్ మీద ఉంది, ఆస్తులు లేవు. మొత్తం ఎనిమిది మంది పిల్లలు. ఈ ముక్క ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంది. ఇక్కడ పుట్టినవాళ్లలో తన దగ్గర ఇద్దరే ఉన్నారంటోంది, మిగతా ఇద్దరూ ఎవరి దగ్గరున్నారో సమాచారం లేదు. తిప్పి పంపితే పిల్లలు బాధపడతారట. ఆ తర్వాత స్వరం మారుతుంది. ఈ కేసు ఒక విపత్తు అని, 1981లో విజిటర్‌గా వచ్చిన మనిషి 1994 ఏప్రిల్లో కూడా ఇక్కడే ఉండడం మన వ్యవస్థకే తలవంపు అని రాశాడు. జీవితాంతం సంక్షేమ వ్యవస్థకు పెద్ద భారం అవుతుందని రాశాడు. చివరికి: కెనడాలో పుట్టిన నలుగురు పిల్లలు తప్ప మానవతా కారణాలేవీ లేవు, అందుకోసం ఉండనివ్వాలా, ఈ తరహా ఔదార్యం ఇక కెనడా భరించలేదు.

నెమ్మదిగా చదివితే రెండు విషయాలు పట్టుబడతాయి. ‘పిల్లలు బాధపడతారు’ అన్న మాట అందులో రెండుసార్లు ఉంది. అంటే అధికారి చూడలేదనడానికి లేదు, చూసి రాసుకున్నాడు. అయినా ఆ మాట అతన్ని కదిలించలేదు. ఒక్క పిల్లవాడి వయసు లేదు, ఏ తరగతో లేదు, తల్లి లేని నెలల్లో ఫోస్టర్ ఇంట్లో ఎలా ఉన్నాడో లేదు. పిల్లలు అక్కడ ఒక అంకె మాత్రమే. అంకె అయినప్పుడు ఎంత పెద్దదైతే అంత భారంగా కనిపిస్తుంది. నలుగురు పిల్లలున్నారన్న మాట ఆమె పక్షాన నిలబడాల్సింది పోయి ఆమెకే ఎదురు తిరిగింది.

కింది రెండు కోర్టుల్లోనూ ఆమె ఓడిపోయింది. సుప్రీంకోర్టులో ప్రధాన తీర్పు జస్టిస్ ల్యూరూ-దుబే రాశారు. మౌఖిక విచారణ తప్పనిసరి కాదు, రాతపూర్వకంగా చెప్పుకునే అవకాశం ఉంటే చాలు అన్నారు. ఆమె కోరినదాంట్లో ఇది దక్కలేదు. ఇంత పెద్ద నిర్ణయానికి రాతలో కారణాలు ఇవ్వాల్సిందేనని, ఇక్కడ ఆ నోట్సునే కారణాలుగా తీసుకోవచ్చని చెప్పారు. ఆ నోట్సు చదివిన మామూలు మనిషికి పక్షపాతం ఉందన్న అనుమానం కలుగుతుందన్నారు. నిర్ణయం కూడా సమంజసం కాదన్నారు, ఎందుకంటే పిల్లల మేలును పూర్తిగా తోసిపుచ్చారు. పన్నెండేళ్ల తర్వాత, చికిత్స మధ్యలో, కొందరు పిల్లలకైనా దూరమై వెళ్లడం ఆ తల్లికి ఎంత కష్టమో తూచలేదు.

తీర్పు ఇవ్వనివి కూడా అంతే గట్టిగా గుర్తుంచుకోవాలి. పిల్లల మేలు ఎప్పుడూ మిగతావాటిని మించిపోతుందని అనలేదు. ముఖ్యమైన అంశంగా చూసి, గట్టి బరువు ఇవ్వాలని మాత్రమే చెప్పింది. 1991లో కెనడా ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందం నేరుగా దేశీయ చట్టమైపోయిందని కూడా అనలేదు. ఆ ఒప్పందం విలువల వెలుగులో చట్టాన్ని చదవాలంది. ఈ ఒక్క విషయంలో ఇద్దరు జడ్జీలు విడిపోయారు. ఆమెకు పీఆర్ ఇవ్వమనీ చెప్పలేదు. మరో అధికారి మళ్లీ చూడాలంది. గెలిచినా చేతికొచ్చేది ఇంకో అధికారి, ఇంకో బల్ల. కుటుంబానికి ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి, లేకపోతే కోర్టు ఆర్డరు చూసి ఇల్లు కొనుక్కునే వాళ్లుంటారు.

2002 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఇమ్మిగ్రేషన్ చట్టంలో 25(1) సెక్షన్ ‘నేరుగా ప్రభావితమయ్యే పిల్లల మేలు’ను పేరు పెట్టి చెప్పింది. అదే ఏడాది ఫెడరల్ అప్పీల్ కోర్టు లెగో కేసులో, పిల్లల మేలు ముఖ్యమే కానీ అదొక్కటే ఫలితాన్ని తేల్చేయదని స్పష్టం చేసింది. హాథార్న్ కేసులో ఇంకో మాట చెప్పింది: తల్లిదండ్రులతో కెనడాలో ఉంటే పిల్లలకు మేలేనన్నది ఎలాగూ తెలిసిందే, అధికారి చూడాల్సింది పంపించేస్తే పిల్లవాడికి ఎంత కష్టం కలుగుతుందన్నది. అందుకే ‘కెనడాలో చదువు బావుంటుంది’ అన్న వాదనకు బరువుండదు. 2015 డిసెంబరు 10న వచ్చిన కంథసామి తీర్పు శ్రీలంక నుంచి పదహారు పదిహేడేళ్ల వయసులో వచ్చిన తమిళ కుర్రాడిది. పిల్లల మేలు ఏమిటో స్పష్టంగా గుర్తించి, నిర్వచించి, ఉన్న సాక్ష్యమంతటి వెలుగులో చాలా శ్రద్ధగా పరిశీలించాలని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. పిల్లలు ఏ కష్టానికీ అర్హులు కారు కాబట్టి, పెద్దలకు పెట్టే ‘అసాధారణమైన, అర్హం కాని కష్టం’ కొలబద్ద పిల్లలకు దాదాపుగా పనికిరాదంది.

ఇక ఫైలు కట్టే పని. దీనికే ఎక్కువ సమయం ఇవ్వాలి.

ప్రతి పిల్లకీ వేరే విభాగం పెట్టాలి. ముగ్గురు పిల్లలుంటే మూడు ట్యాబులు. హెచ్ అండ్ సి దరఖాస్తుతో ఇచ్చే ఐఎంఎం 5283 ఫారంలో చోటు సరిపోదు, విడిగా లేఖ తప్పదు. ప్రతి ట్యాబులో మొదటి కాగితం ఒక వివరాల పేజీ: పుట్టిన తేదీ, పౌరసత్వం, ఎవరి దగ్గర ఉంటున్నారు, స్కూలు, గ్రేడు, డాక్టరు, భాషలు, తోబుట్టువులతో ఎలా ఉంటారు. రెండో కాగితం వారం పట్టిక. చూడటానికి చిన్నపిల్లల టైంటేబులులా ఉంటుంది కానీ దాని పని పెద్దది. ఉదాహరణకి ఆస్తమా ఉన్న ఆరేళ్ల పిల్లవాడికి: ఉదయం 7:10 ఇన్‌హేలర్, అమ్మ చేత్తో, 8:20 స్కూలు బస్సు, అమ్మ ఎక్కిస్తుంది, మంగళ, గురువారాలు సాయంత్రం 4:30కి స్పీచ్ థెరపీ, అమ్మ తీసుకెళ్తుంది, నాన్న ఆ వేళ షిఫ్టులో ఉంటాడు, రాత్రి దగ్గు వస్తే లేచేది అమ్మ. ‘తల్లి మీద ఆధారపడి ఉన్నాడు’ అని పది పేరాలు రాసినా ఈ పట్టిక చెప్పినంత చెప్పలేవు. పక్కనే నాన్న షిఫ్టు షెడ్యూలు, థెరపీ సెంటరు హాజరు షీటు పెడితే ఎవరూ కాదనలేరు.

తర్వాత మూడు దారులు విడివిడిగా రాయాలి. తల్లి ఇక్కడే ఉంటే ఏమిటి, తల్లి వెళ్లి పిల్ల ఉండిపోతే ఏమిటి, పిల్ల కూడా వెంట వెళ్తే ఏమిటి. ఎక్కువ ఫైళ్లు విరిగేది ఇక్కడే. కుటుంబం విడిపోతుందని గట్టిగా రాసి, వెంట తీసుకెళ్తే ఏమవుతుందో ఒక్క వాక్యమూ రాయరు. అప్పుడు అధికారి పని తేలికైపోతుంది: పిల్లలు తల్లితో వెళ్లొచ్చు, కుటుంబం కలిసే ఉంటుంది, చిన్న వయసు కాబట్టి త్వరగా అలవాటు పడతారు. ఈ మూడు ముక్కలూ తిరస్కరణ లేఖల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వాటికి జవాబు ముందే ఫైల్లో ఉండాలి. తిరస్కరణ వచ్చాక కోర్టులో కొత్త సాక్ష్యం పెట్టుకుందామంటే కుదరదు. అధికారి ముందు ఏముందో కోర్టు దాన్నే చూస్తుంది.

తెలుగు కుటుంబాల విషయంలో ఈ మూడో దారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు కాబట్టి హైదరాబాదులోనో విజయవాడలోనో ఇమిడిపోతాడని అధికారి రాస్తాడు. కెనడాలోని బ్రాంప్టన్‌లో పెరిగిన తొమ్మిదేళ్ల పిల్లవాడు ‘అమ్మా, ఆకలేస్తోంది’ అంటాడు కానీ గుణింతం చదవలేడు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం 1 నుంచి 10వ తరగతి దాకా తెలుగు తప్పనిసరి సబ్జెక్టు. ఏ స్కూల్లో వేయాలనుకుంటారో అక్కడి నుంచే ఉత్తరం తెచ్చుకోవాలి: ఏ తరగతిలో కూర్చోబెడతారు, తెలుగు పరీక్షకు మినహాయింపు దొరుకుతుందా, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు టీచరు ఉన్నారా. థెరపీ సంగతి కూడా అంతే. ‘ఇండియాలో ఆటిజం థెరపీ ఉండదు’ అని రాస్తే అబద్ధం, అధికారి ఇంటర్నెట్టులో రెండు నిమిషాల్లో కొట్టేస్తాడు. మీ ఊరి నుంచి ఆ సెంటరు ఎన్ని కిలోమీటర్లు, వారానికి ఎన్ని సెషన్లు, నెలకు ఎంత, వరుసలో ఎన్నాళ్లు ఆగాలి అని రాతలో తెస్తే నిలబడుతుంది. పిల్ల కొత్త మనిషికి అలవాటు పడటానికి ఎన్ని నెలలు పట్టిందో ఇప్పటి థెరపిస్టు చేత రాయించాలి.

పౌరసత్వం లెక్క చాలామంది ఆలోచించరు. ఇండియా ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. కెనడాలో పుట్టిన పిల్ల కెనడా పాస్‌పోర్టు మీద వీసాతోనో ఓసీఐ కార్డుతోనో (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే కార్డు) వెళ్లాలి. ఎయిర్‌పోర్టుకు రమ్మన్న కాగితానికి మూడు వారాలే గడువుంటే, ఆలోపు ఓసీఐ చేతికొస్తుందని లెక్కేసుకోకూడదు. పద్నాలుగేళ్ల అమ్మాయైతే ఇంకో దెబ్బ ఉంది. 2021 మార్చి నోటిఫికేషన్ ప్రకారం, ఆ తర్వాత ఓసీఐ తీసుకున్నవాళ్లకు నీట్, జేఈఈ లాంటి పరీక్షల్లో ఎన్ఆర్ఐ సీట్లు, సూపర్‌న్యూమరరీ (అదనపు) సీట్లే తప్ప ఇండియా పౌరులకు మాత్రమే కేటాయించిన సీట్లు రావు. అంటే తల్లి దేశానికి వెళ్లిన పిల్ల అక్కడ విదేశీయురాలిగానే కూర్చుంటుంది. ఇది ‘కెనడాలో చదువు బావుంటుంది’ అన్న వాదన కాదు, వెళ్లే చోట ఏం పోతుందో చూపే సాక్ష్యం. హాథార్న్ అడిగేది ఇదే.

సైకాలజిస్టు రిపోర్టు గురించి రెండు మాటలు. ఒక్కసారి గంటసేపు తల్లితోనే మాట్లాడి, పిల్లను చూడకుండా, చివర్లో ‘ఈ కుటుంబాన్ని ఉండనివ్వాలి’ అని రాసిన రిపోర్టు డబ్బు దండగ. పిల్లను ఎన్నిసార్లు ఏ తేదీల్లో చూశారు, ఏ స్కూలు రికార్డులు చదివారు, నిద్ర, తిండి, పక్క తడపడం, స్కూలు మానేయడం లాంటివి ఎప్పుడు మొదలయ్యాయి, మూడు దారుల్లో ఒక్కోదానికి ఏం జరిగే అవకాశం ఉంది అన్నవి కావాలి. ఉండనివ్వాలా వద్దా అన్నది నిపుణుడు రాయకూడదు. కంథసామి కేసులో అధికారి ‘ఆ చికిత్స శ్రీలంకలోనూ దొరుకుతుంది’ అని తోసేస్తే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పంపించడం వల్లనే మానసిక ఆరోగ్యం దెబ్బతింటే, అక్కడ చికిత్స ఉన్నా లేకపోయినా ఆ దెబ్బను లెక్కలోకి తీసుకోవాలంది.

పిల్ల గొంతు ఫైల్లో ఉండాలి, కానీ పెద్దవాళ్లు రాసిచ్చిన గొంతు కాదు. పన్నెండు దాటిన పిల్ల తన చేత్తో ఒక పేజీ రాయొచ్చు, తప్పులు దిద్దకండి. ఆరేళ్ల వాడి చేత ‘దయచేసి మా అమ్మను పంపకండి’ అని రాయిస్తే అది ఎవరి మాటో ఎవరికైనా తెలుస్తుంది, పైగా ఆ బరువు వాడి మీద వేసినట్టవుతుంది. చిన్నపిల్లలకు క్లాసు టీచరు ఉత్తరం మేలు. అయితే ‘చాలా మంచి విద్యార్థి’ అన్న ఉత్తరం కాదు. ఏ నెల నుంచి ఏం మారిందో చెప్పే ఉత్తరం. ఒంటారియోలో ప్రత్యేక విద్యా ప్రణాళిక, అంటే ఐఈపీ ఉంటే మొత్తం కాపీ పెట్టండి.

గడియారం సంగతి. హెచ్ అండ్ సి వేసినంత మాత్రాన డిపోర్టేషన్ ఆగదు. ఇది తెలియక నష్టపోయేవాళ్లే ఎక్కువ. తేదీ పడితే మొదట సీబీఎస్ఏ (కెనడా సరిహద్దు సేవల సంస్థ) అధికారికి వాయిదా అభ్యర్థన పెట్టాలి. ఆ అధికారికి ఉన్న వెసులుబాటు చాలా చిన్నది. 2017లో లూయిస్ కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు, ఆ దశలో పిల్లల స్వల్పకాల మేలు మాత్రమే చూడాలంది: స్కూలు సంవత్సరం పూర్తవడం, నడుస్తున్న వైద్యం, తల్లి వెళ్లాక చూసుకునే మనిషి ఏర్పాటు. కాబట్టి మూడొందల పేజీల హెచ్ అండ్ సి ఫైలు యథాతథంగా పంపితే ప్రయోజనం లేదు. ‘జూన్ చివరి దాకా, ఈ కారణానికి, ఇదిగో సాక్ష్యం’ అని పదిహేను పేజీల్లో అడగాలి. కాదంటే ఫెడరల్ కోర్టులో స్టే. అక్కడ తీవ్రమైన ప్రశ్న, పూడ్చలేని నష్టం, ఎటువైపు ఎక్కువ ఇబ్బంది అన్న మూడూ నిరూపించాలి. వాయిదా నిరాకరణ మీద వెళ్తే మొదటి మెట్టు ఇంకా ఎత్తు. విడిపోవడం వల్ల వచ్చే మామూలు బాధను కోర్టు పూడ్చలేని నష్టంగా చూడదు. మళ్లీ వారం పట్టికే కావాలి. హెచ్ అండ్ సి తిరస్కరణ మీద కోర్టుకు వెళ్లడానికి గడువు, నిర్ణయం తెలిసిన రోజు నుంచి 15 రోజులు.

ఫ్యామిలీ కోర్టులో ‘పిల్లను దేశం దాటించకూడదు’ అన్న ఆర్డరు తెచ్చుకుంటే డిపోర్టేషన్ ఆగిపోతుందని ఒక నమ్మకం ఉంది. ఆగదు. ఆ ఆర్డరు పిల్లకు సంబంధించింది, తల్లికి కాదు. ఇమ్మిగ్రేషన్ చట్టంలో 50(ఎ) కింద ఆగాలంటే, పంపించడం వల్ల ఆ కోర్టు నిర్ణయం నేరుగా ఉల్లంఘన కావాలి, ఆ విచారణలో మంత్రి తరఫు వాళ్లకు చెప్పుకునే అవకాశం ఇచ్చి ఉండాలి.

శరణార్థి దరఖాస్తు తిరస్కరించాక 12 నెలల దాకా హెచ్ అండ్ సి వేయకూడదన్న నిషేధం ఉంది. పంపిస్తే పిల్లల మేలు దెబ్బతింటుందని చూపిస్తే దానికి మినహాయింపు ఉంది. పీఆర్ ఉన్న తండ్రులకు ఇంకో ప్రమాదం. 2018 డిసెంబరు 18 నుంచి తాగి బండి నడపడానికి గరిష్ఠ శిక్ష పదేళ్లయింది, దాంతో అది ఇమ్మిగ్రేషన్ చట్టం కింద తీవ్ర నేరాల లెక్కలోకి వచ్చింది. శిక్ష ఆరు నెలలకు తక్కువైతే అప్పీల్ డివిజన్ అనే ఇమ్మిగ్రేషన్ ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు మిగులుతుంది, అక్కడ పిల్లల మేలు చెప్పుకోవచ్చు. ఆరు నెలలు పడితే ఆ తలుపు మూసుకుంటుంది. అందుకే క్రిమినల్ వకీలు నేరం ఒప్పించేముందే ఇమ్మిగ్రేషన్ వకీలుతో మాట్లాడాలి. అమెరికాలో ఉన్న బంధువులు చెప్పే పదేళ్ల రూలును ఇక్కడ కలపకండి. అక్కడ పదేళ్ల నివాసం ఉండాలి, పౌరులైన పిల్లలకు అసాధారణమైన, అత్యంత అరుదైన కష్టం చూపాలి, అదీ ఏడాదికి 4,000 మందికే. పరీక్ష పూర్తిగా వేరు.

‘బయటికెళ్లి మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు’ అని అధికారి రాస్తే దానికీ కాగితం ఉండాలి. డిపార్చర్ ఆర్డర్ పడినవాళ్లు 30 రోజుల్లో, వెళ్లినట్టు సర్టిఫికెట్ తీసుకుని వెళ్తే విషయం అక్కడితో పోతుంది. ఆ గడువు దాటితే అదే డిపోర్టేషన్ ఆర్డర్ అవుతుంది. అప్పుడు తిరిగి రావాలంటే, ఎన్నేళ్లయినా, ప్రత్యేక అనుమతి కావాలి. ఆరేళ్ల పిల్లవాడి జీవితంలో అది ఎన్ని తరగతులో లెక్కగట్టి రాయండి.

తిరస్కరణ వచ్చిన రోజే నోట్సు తెప్పించుకోవడం బేకర్ కాలం నుంచీ మారని పని. సమాచార చట్టం కింద ఫీజు 5 డాలర్లే; కానీ కోర్టు గడువు 15 రోజులు కాబట్టి నోట్సు వచ్చేదాకా ఆగకుండా ముందు కోర్టు దరఖాస్తు వేసేయాలి. చదివేటప్పుడు ప్రతి పిల్ల పేరు కింద పెన్సిలుతో గీత గీయండి. 2019 డిసెంబరు నాటి సుప్రీంకోర్టు వవిలోవ్ తీర్పు ప్రకారం ముఖ్యమైన వాదనలకు కారణాల్లో జవాబు కనిపించాలి. పేరు వచ్చిన చోట ఏమన్నారో, ఏ సాక్ష్యం ముట్టుకోలేదో పక్కన రాసుకుంటే వాదన సగం సిద్ధమైనట్టే. ఏ పిల్ల పేరూ ఎక్కడా రాకపోతే అదే మొదటి వాదన.

కోర్టులో గెలిచి ఫైలు కొత్త అధికారికి వెళ్లినప్పుడు పాత ట్యాబులు అలాగే పంపకండి. దరఖాస్తు వేసినప్పుడు ఆరేళ్లున్న పిల్లవాడికి ఇప్పుడు ఎనిమిది. గ్రేడు మారింది, థెరపిస్టు మారి ఉండొచ్చు, చెల్లెలు పుట్టి ఉండొచ్చు. కొత్త రిపోర్టు కార్డు, కొత్త డాక్టరు లేఖ, కొత్త వారం పట్టిక, చెల్లెలికి కొత్త ట్యాబు పెట్టాలి. కొత్త అధికారి నిర్ణయం తీసుకునే రోజున ఫైల్లో పిల్లల వయసు ఆ రోజుదే అయి ఉండాలి.